ఇరవై లీటర్లు వద్దు మేస్త్రీ

డిసెంబరు 7, ఆదివారం

సంక్రాంతిలోపు ఇంటికి రంగులు వేయించమని అమ్మ దసరా నుంచి పోరు పెడుతోంది. మల్కాజిగిరిలో రెండో అంతస్తులో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. వంటిల్లు వచ్చే ఏడాది చూసుకుందాం, ఈసారికి హాలు, రెండు బెడ్‌రూములు చాలు అని ఒప్పందానికి వచ్చాం. పని మొదలుపెట్టే ముందు అటక ఖాళీ చేద్దామని నిచ్చెన వేశాను.

ఇప్పటికి ఈ ఇంటికి మూడుసార్లు రంగులు పడ్డాయి. ఆ మూడుసార్లలో మిగిలిందంతా పైనే ఉంది. పదకొండు టిన్నులు! కిందికి దించి బాల్కనీలో పేపర్లు పరిచి వరసగా పెట్టాం. మా అబ్బాయి మూతలు తీస్తుంటే నేను కర్రతో కలిపి చూశాను.

నీళ్ల పెయింట్లు అయిదు. అందులో రెండింటి మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు కంపు వచ్చింది, అబ్బాయి వంటింట్లోకి పారిపోయాడు. లోపల బ్యాక్టీరియా పెరిగితే అలాగే వాసన వస్తుంది. అలాంటిది ఎంత కలిపినా లాభం లేదు, గోడకు వేస్తే గదంతా అదే కంపు. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. ఒకటి మీగడ రంగు, ఒకటి లేత పీచు, ఇంకొకటి తెలుపు. అన్నీ కలిపి రెండున్నర లీటర్లు ఉండొచ్చు. కలిపితే గడ్డలు కరిగి నున్నగా వచ్చాయి. పేపరు మీద బ్రష్‌తో గీసి చూశాం, రవ్వలు లేవు.

ఎనామిల్ (ఆయిల్ పెయింట్) టిన్నులు నాలుగు. రెండు రాళ్లయిపోయాయి. తెల్ల ఎనామిల్ మీద మీగడ కట్టింది గానీ దాన్ని కత్తితో చుట్టూ కోసి పక్కకు తీస్తే కింద మంచి పెయింటే ఉంది. పాత పంచె ముక్కలో వడగడితే దాదాపు పావు లీటరు దక్కింది, బాల్కనీ గ్రిల్లుకు సరిపోతుంది. నాలుగోది పసుపుపచ్చ. అది కూడా బాగానే ఉంది, కానీ టిన్ను మీద తయారీ సంవత్సరం 2009. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఎనామిళ్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు లాంటి రంగుల్లో సీసం దండిగా ఉండేది. బాగున్నా సరే, ఇది వాడటం లేదు. గ్రిల్లుకున్న పాత పెయింటునూ పొడిగా రుద్దకుండా నీళ్లతో తడిపి రుద్దాలని రాసి పెట్టుకున్నాను.

ఇక మిగిలినవి గడ్డకట్టిన ప్రైమరు డబ్బా ఒకటి, సగం ఉన్న థిన్నరు సీసా ఒకటి. థిన్నరు దాచాను.

పదకొండింటిలో ఏ ఒక్కదాని మీదా ఏ గదిదో, ఏ షేడో రాసి లేదు.

డిసెంబరు 10, బుధవారం రాత్రి

మేస్త్రి వచ్చి చూశాడు. పాతవాడే, పోయినసారి కూడా తనే వేశాడు. గోడలు తట్టి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇరవై లీటర్ల టిన్ను ఒకటి తెచ్చేయండి సార్, ధీమాగ ఉంటది" అన్నాడు.

ఎలా లెక్కేశావని అడిగాను. ఫ్లాటు 900 అడుగులు, దాన్ని మూడున్నరతో గుణిస్తే రంగు పడే చోటు 3150 అడుగులు. మనవి మూడు గదులే కాబట్టి కొంచెం తగ్గించి ఇరవై లీటర్లు. తలుపులు, కిటికీలు, గోడకు బిగించిన బీరువాలు ఆ లెక్కలో తీసేయరు. పెయింటర్లందరూ వాడే లెక్కే ఇది, తప్పని కూడా అనలేను. సగం పనిలో పెయింట్ అయిపోతే కూలీ పోయేది వాళ్లకే. టిన్నులో టోకెన్ సంగతి కూడా ఆయనే నవ్వుతూ చెప్పాడు. పెయింటర్ల కోసం కంపెనీలు టిన్నులో డబ్బులొచ్చే టోకెన్ పెట్టడం ఎప్పటి నుంచో ఉంది, ఇప్పుడు ఫోన్‌తో స్కాన్ చేసే కోడ్‌లూ వచ్చాయి. టిన్ను పెద్దదైతే టోకెన్ కూడా పెద్దదే. "ఎన్ని లీటర్లు కొన్నా టోకెన్ నీదే, లీటర్లు మాత్రం నేను చెప్తాను" అన్నాను. సరే సార్ అన్నాడు గానీ మొహంలో నమ్మకం కనిపించలేదు.

అమ్మ కూడా ఆయన పక్షమే. "ఇరవై లీటర్లది తెస్తే బకెట్ వస్తుంది కదరా" అంది. నిజమే. ఈ ఊళ్లో పెయింట్ బకెట్ లేని బాత్రూము చూశానా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చిన కాలంలో మా ఇల్లు నడిచిందే ఆ బకెట్ల మీద.

భోజనాలయ్యాక టేపు పట్టుకుని మొదలుపెట్టాం. మా ఆవిడ ఒక కొస, నేను ఒక కొస, అబ్బాయి చేతిలో నోట్‌బుక్. ఎత్తు అన్ని గదుల్లోనూ తొమ్మిదిన్నర అడుగులు.

హాలు 16కి 11. చుట్టుకొలత 54, ఎత్తుతో గుణిస్తే 513. గుమ్మాలు, బాల్కనీ తలుపు, కిటికీ కలిపి 111 తీసేస్తే 402. పెద్ద బెడ్‌రూము 12కి 11, అక్కడ బీరువా కూడా తీసేస్తే 312. చిన్న బెడ్‌రూము 11కి 10, అదే పద్ధతిలో 301. గోడలు మొత్తం 1015 చదరపు అడుగులు. పైకప్పులు 418.

మేం అనుకుంటున్న రకం టిన్ను మీద రెండు కోట్లకు, అంటే గోడకు రెండుసార్లు వేస్తే, లీటరుకి 120 నుంచి 140 చదరపు అడుగులు అని ఉంటుంది. 125 అనుకుంటే గోడలకు 8.1 లీటర్లు, పైకప్పులకు 3.3. మేస్త్రి ఇరవై అన్నది గోడలకే.

ఇంకో చిక్కు రంగులది. మా ఆవిడ ఒక్కో గదికి ఒక్కో రంగు అంది. హాలుకు 3.2, ఒక బెడ్‌రూముకు 2.5, ఇంకోదానికి 2.4. పెయింట్ వచ్చేది ఒకటి, నాలుగు, పది, ఇరవై లీటర్ల టిన్నుల్లో. మూడు రంగులంటే నాలుగు లీటర్ల టిన్నులు మూడు, అందులో నాలుగు లీటర్లు మిగులు, అది కూడా దేనికీ పనికిరాని మూడు ముక్కలుగా. అటక మీద మళ్లీ మూడు డబ్బాలు. లెక్క చూపించాక ఆవిడే తేల్చింది: మూడు గదులకూ ఒకటే లేత రంగు, హాల్లో టీవీ వెనక గోడకు మాత్రం తను చెప్పిన ముదురు రంగు. ఆ గోడ 104 అడుగులు, దానికో లీటరు. మిగిలిన 911 అడుగులకు 7.3, అంటే నాలుగు లీటర్ల టిన్నులు రెండు.

డిసెంబరు 13, శనివారం

రాణిగంజ్ వెళ్లాం. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే. షేడ్ కార్డులో గోరంత ముక్క చూసి రంగు ఎంచుకోవడం పోయినసారి చేసిన తప్పు. లేత చందనం అనుకున్నది గోడకెక్కాక వేరుశెనగ పొట్టు రంగులో తేలింది, రెండు నెలలకే ఆ గది మళ్లీ వేయించాం. ఆరు లీటర్లు అలా పోయాయి. అందుకని ఈసారి రెండు లేత రంగులవి, ఒక ముదురుది 200 మిల్లీలీటర్ల శాంపిల్ డబ్బాలు కొన్నాం.

షాపాయన మంచి మాట చెప్పాడు. మెషీన్‌లో రంగు కలిపిన టిన్ను వెనక్కి తీసుకోరట, మూత తీయని తెల్లది, ప్రైమరు మాత్రం వారంలోపు తెస్తే మార్చుకుంటాడట. అంటే బిగించి లెక్కేయాల్సింది కలిపించే రంగునే.

డిసెంబరు 14, ఆదివారం

శాంపిళ్లను గోడకు వేయలేదు. గోడ మీద వేస్తే పాత రంగు పక్కన కొత్తది తప్పుగా కనిపిస్తుంది, పైగా ఆ మచ్చలు తర్వాత కోటు కింద కనబడతాయని మేస్త్రి కూడా అన్నాడు. టీవీ అట్టపెట్టె కోసి, పెద్ద అట్టల మీద రెండేసి కోట్లు వేశాం. పొద్దున కిటికీ పక్కన, సాయంత్రం పడమటి ఎండలో, రాత్రి ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాం. మా ఆవిడకు షేడ్ కార్డులో బాగా నచ్చినది రాత్రికి నీరసంగా కనిపించి ఓడిపోయింది. గెలిచిన దాన్ని అమ్మ గోధుమపిండి రంగు అంటోంది. కార్డు మీద ఉన్న పేరు కంటే అదే నయం.

ఇవాళ అసలు పని ఇంకొకటి. చిన్న బెడ్‌రూములో బాత్రూము వైపు గోడ కింద పెచ్చులు లేచి ఉన్నాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటు కోసి గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించాను.

డిసెంబరు 15, సోమవారం

షీటు లోపలి వైపు, అంటే గోడను ఆనుకున్న వైపు, నీటి బొట్లు. గది వైపు తడి ఉంటే గాలిలో తేమ అనుకోవచ్చు. ఇది గోడలోంచి వస్తున్న చెమ్మే. మూడుసార్లు రంగు వేయించినా ఆ గోడ మూడుసార్లూ ఎందుకు పాడైందో ఇప్పుడు అర్థమైంది. చెమ్మ గోడకు వేసిన పెయింట్ అంతా వృథా. డబ్బాలో మిగిలేదాని కంటే ఇలా పెచ్చులై చీపురుకు వచ్చేదే ఎక్కువేమో.

ప్లంబరు వచ్చి బాత్రూములో కుళాయి వెనక టైల్ తీస్తే, పైపు జాయింటు దగ్గర సన్నగా కారుతోంది. బాగు చేశాడు. గోడ ఆరేదాకా ఆ ఒక్క 95 అడుగుల గోడా వదిలేయాలి.

సాయంత్రం మళ్లీ రాణిగంజ్. గోధుమపిండి రంగు నాలుగు లీటర్లవి రెండు, ముదురుది లీటరు, పైకప్పుకు తెలుపు నాలుగు లీటర్లు, ప్రైమరు నాలుగు లీటర్లు. ముదురుది లీటరు టిన్ను అంటాం గానీ బేస్ 900 మిల్లీలీటర్లే ఉంటుంది, మిగతా చోటు మెషీన్‌లో పోసే రంగుకు. రెండు పెద్ద టిన్నులూ ఒకేసారి, ఒకే మెషీన్‌లో కలిపించాం.

డిసెంబరు 16 నుంచి 19

మేస్త్రి, ఇంకో కుర్రాడు. లప్పం, గరుకు కాగితం, ప్రైమరు, పైకప్పులు. ఇల్లంతా తెల్ల దుమ్ము. పైకప్పుకు నాలుగు లీటర్లలో 700 మిల్లీలీటర్లు మిగిల్చాడు. ఆయన చేతిలో లీటరుకి 127 అడుగులు వచ్చిందన్నమాట. లెక్క చెప్తే "నేను చెప్పలే?" అన్నాడు. ఆయన చెప్పింది ఇరవై లీటర్లు. ఏమీ అనలేదు.

డిసెంబరు 20, 21

గోడలు మావే. మా బావమరిది నాచారం నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే "బావా, మేస్త్రికే ఇచ్చేస్తే పోయేది కదా" అని మొదలుపెట్టి, గంటలో రోలర్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

ముందు రెండు టిన్నులనూ ఒకే పెద్ద డ్రమ్ములో పోసి కలిపాం. ఒకే మెషీన్‌లో కలిపినా టిన్నుకీ టిన్నుకీ వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు. విడివిడిగా వాడితే గోడ మధ్యలో ఆ తేడా బయటపడుతుంది, అప్పుడు ఆ గోడంతా మళ్లీ వేయాలి.

నీళ్ల సంగతి. టిన్ను మీద లీటరుకి 400 మిల్లీలీటర్లు అని ఉంది. మేస్త్రి మగ్గుతో ఉజ్జాయింపుగా పోస్తాడు, ఆయన చేతికి తెలుసు. మా చేతులకు తెలియదు కాబట్టి కొలత గ్లాసు. నీళ్లెక్కువైతే పెయింట్ ఆదా అయినట్టే అనిపిస్తుంది గానీ పాత రంగు కిందనుంచి కనిపించి మూడో కోటు వేయాల్సి వస్తుంది.

కొత్త రోలర్‌ను పొడిగా ముంచితే బోలెడు పెయింట్ తాగేస్తుంది. ముందు నీళ్లలో తడిపి గట్టిగా పిండాం. ట్రేకి ప్లాస్టిక్ కవరు తొడిగి, అందులో ఒక్కసారికి గ్లాసెడు, గ్లాసున్నర పోసుకున్నాం. డ్రమ్ము మూత మాత్రం తీసిన వెంటనే పెట్టేయడం అబ్బాయి డ్యూటీ.

రాత్రి రోలర్‌ను కడగలేదు. బ్రెడ్ కవర్లో దూర్చి, గాలి తీసేసి, రబ్బరు బ్యాండు వేశాం. పొద్దున తీస్తే నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. ఆదివారం పని ముగిశాక రోలర్‌ను ముందు లప్పం పెట్టే పట్టీతో గీకి డ్రమ్ములోకే రాల్చాం. ఒక చిన్న గ్లాసెడు వచ్చింది! తర్వాత మగ్గెడు నీళ్లలో జాడించి, ఆ నీళ్లనే పక్క గదిలో మూల కోట్ల కోసం పెట్టుకున్న పెయింటులో కలిపాం. ఎలాగూ నీళ్లు పోయాల్సిందే, అదే రంగు. రెండో జాడింపు బకెట్లో ఉంచేస్తే రాత్రికి రంగు అడుగుకు దిగింది, పైన తేరిన నీళ్లు పారబోసి అడుగుది పేపరు మీద ఆరబెట్టాం. ఇదివరకు ఈ నీళ్లన్నీ బాత్రూము జాలీలోకే పోయేవి. అక్కడనుంచి మూసీకే.

డిసెంబరు 27, శనివారం

టీవీ గోడ అయింది. ముదురు రంగుకు రెండు కోట్లు చాలలేదు, మూల దగ్గర మూడోది వేశాం. డబ్బాలో అడుగున వంద మిల్లీలీటర్లు ఉంటుందేమో.

గోధుమపిండి రంగు ఇప్పటికి 816 అడుగుల గోడకు సరిపోయి, 800 మిల్లీలీటర్లు మిగిలింది. చెమ్మ గోడ కోసం దాచాలి. డ్రమ్ములో అంత ఖాళీ గాలితో ఉంచితే ఎండిపోతుంది, అందుకని లీటరు ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం. అంచు గాడిలో పడ్డ పెయింట్ తుడవకపోతే మూత పూర్తిగా పట్టదు. తుడిచి, పాలిథీన్ కవరు ముక్క అంచు మీద పరిచి, మూత నొక్కి, తలకిందులుగా పెట్టాం. కారకపోతే మూత సరిగ్గా పట్టినట్టు. అటక మీద కాదు, మంచం కింద. మేలో మా అటక మీద చెయ్యి పెడితే కాలుతుంది.

జనవరి 3, 4

పద్దెనిమిది రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. ప్లాస్టిక్ షీటు మళ్లీ అంటిస్తే ఈసారి పొడిగానే ఉంది. మొన్న మేస్త్రి గోడను ప్లాస్టరింగ్ దాకా గీకి కొత్తగా లప్పం పెట్టి వెళ్లాడు. ప్రైమరు నేనే వేస్తానన్నాను.

ఇక్కడ నా తెలివి. ప్రైమరు డబ్బా అడుగుకు వచ్చింది, ఇంకో లీటరు కొనడం ఎందుకని ఉన్నదాన్నే నీళ్లు పోసి పలచగా ఒక్క కోటు లాగించాను. దాని ఫలితం ఇవాళ చూశాను. కొత్త లప్పం గోడ మొదటి కోటునే అర లీటరు తాగేసింది. మిగిలిన 300 మిల్లీలీటర్లతో రెండో కోటు మొదలుపెడితే మూడింట రెండు వంతుల దగ్గర డబ్బా ఖాళీ. మేస్త్రికి ఫోన్ చేస్తే "గోడ తాగుతది సార్, ముందు ప్రైమరు తాపాలె, అది సస్తా" అన్నాడు. పెయింట్‌తో పోలిస్తే ప్రైమరు చవకే. చవకది ఆదా చేసి ఖరీదైనది పోశాను.

ఆదివారం కదా, రాణిగంజ్ బంద్. మా కాలనీ దగ్గరున్న షాపులో అదే కోడ్‌తో లీటరు కలిపించాను. గోడ మీద ఆరాక చూస్తే ఒక వెంట్రుకవాసి పచ్చదనం ఎక్కువ. మా ఆవిడ "ఏమండీ, కనిపిస్తోంది" అంది. నాకూ కనిపిస్తోంది. మధ్యలో అతుకు వేసి సరిపెట్టకుండా ఆ గోడ మొత్తానికి, మూల నుంచి మూల దాకా, కొత్త టిన్నుతో ఒక కోటు వేశాం. మూల తిరిగితే ఎలాగూ వెలుతురు మారుతుంది కాబట్టి పక్క గోడతో తేడా కంటికి అందదు. బావమరిదిని పిలిచి ఏ గోడ వేరో చెప్పమంటే కిటికీ గోడ చూపించాడు. గెలిచాం.

లెక్క: ఎనిమిది లీటర్లకు మా చేతుల్లో, మా గోడల మీద, లీటరుకి 112 అడుగులు. 125 కాదు. పది లీటర్లది తెచ్చుకుని ఉంటే ఈ తంటా తప్పేది, కానీ లీటరున్నర పైనే మిగిలేది. ఇప్పుడు మిగిలింది 600 మిల్లీలీటర్లు. అబ్బాయి స్కూలు సంచీ గీతలకు అది కావాల్సిందే కాబట్టి దీన్ని వృథాలో వేయడం లేదు. గాజు సీసాలో పోసి, టేపు మీద షేడ్ కోడ్, గది, తేదీ రాశాను. అదే కోడ్‌ను హాల్లో స్విచ్‌బోర్డు ప్లేటు విప్పి దాని వెనక కూడా రాశాను, సీసా పోయినా అది ఎక్కడికీ పోదు.

జనవరి 11, ఆదివారం

అటక మీది మూడు నీళ్ల పెయింట్లు, పైకప్పు తెలుపు 700, ఓడిపోయిన శాంపిల్ అన్నీ ఒకే బకెట్లో కలిపాం. మూడు లీటర్ల పైమాటే. వాచ్‌మన్ గదికి వేస్తామంటే అతని భార్య బకెట్లోకి తొంగిచూసి, "అన్నా, ఇది ముసలి రంగు" అంది. నిజంగానే బూడిదా కాదు మీగడా కాదు. నీలం కావాలంది. చిన్న నీలం స్టెయినర్ సీసా తెచ్చి చుక్కచుక్కగా పోస్తూ ఆవిడ చాలు అనేదాకా కలిపాం. మబ్బు పట్టిన ఆకాశంలా వచ్చింది. మేస్త్రి ఈ పనికి కూలీ తీసుకోలేదు, టీ తాగి పోయాడు.

కంపు కొట్టిన రెండు డబ్బాల్లో ఇసుక కలిపి డాబా మీద పరిచి ఆరబెట్టాం. గట్టిపడ్డ ముద్దలు, పసుపు ఎనామిల్, రాళ్లయిన డబ్బాలు వేరే సంచిలో కట్టి, చెత్త ఆటో అతనికి ఇవి పెయింట్లు అని చెప్పి విడిగా ఇచ్చాను. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం పెయింట్ డబ్బాలను విడిగా ఇవ్వాలి, తడి పొడి చెత్తలో కలపకూడదు. అతను సంచిని ఆటో పక్కన కొక్కేనికి తగిలించుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం అమ్మ కబాడీ బండి దగ్గర బేరమాడుతూ కనిపించింది. పైకి వచ్చేసరికి చేతిలో ఇరవై లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్. డెబ్బై రూపాయలట. అడుగున ఎవరింటిదో లేత గులాబీ రంగు రెండంగుళాల మందాన గట్టిపడి ఉంది. "నీ పట్టీ ఏదిరా?" అంది.